బిడ్డ ఒడిలోకి వచ్చింది... హెల్త్ కార్డులోకి ఎప్పుడు?

దత్తత గురించి మాట్లాడుకున్నప్పుడల్లా మనకు వచ్చే ప్రశ్నలు ఎక్కువగా రెండే. "బిడ్డ ఎప్పుడొస్తుంది?", "బంధువులేమంటారు?" ఈసారి మాత్రం ఇద్దరు సోదరీమణులు వేరే సంగతి అడిగారు. కర్నూలు సోదరి రాసింది యిది: "శిశు గృహ నుంచి పాపను తెచ్చుకోబోతున్నాం. మా ఆయనకి కంపెనీ ఇన్సూరెన్సు వుంది. తెచ్చుకున్న వారానికే పాపకి జ్వరమొచ్చి ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే ఆ ఇన్సూరెన్సు పనికొస్తుందా?" ప్రొద్దుటూరు సోదరిది ఇంకో బాధ: "అమెరికాలో వున్న మా మరిదీ తోడికోడలూ ఇక్కడి బిడ్డను దత్తు తీసుకోవాలనుకుంటున్నారు. అక్కడ వైద్యం ఖర్చు వింటే గుండె ఆగిపోతుందంటారు కదా, ఆ బిడ్డ సంగతేమిటి?"

ఉయ్యాల, గౌన్లు, పాలడబ్బా అన్నీ ముందే సిద్ధం చేసుకుంటాం. ఈ ఒక్క సంగతి మాత్రం బిడ్డకు ఒళ్ళు వెచ్చబడ్డ రాత్రి గుర్తొస్తుంది. అప్పుడు ఆస్పత్రి కౌంటరు దగ్గర నిలబడి కాగితాలు వెతుక్కునే కన్నా, ఇప్పుడే తీరిగ్గా కూర్చుని తెలుసుకుందాం. ఇద్దరికీ కలిపి ఒక్క మాటలో జవాబు కావాలంటే ఇదీ: బిడ్డ మీ ఒడిలోకి వచ్చే రోజుకీ, చట్టప్రకారం మీ బిడ్డ అయ్యే రోజుకీ మధ్య కొంత కాలం వుంటుంది. ఆ కాలంలో వైద్యం ఎవరి ఖర్చు, ఎవరి పూచీ అన్నది బిడ్డ రాకముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

ఆ మధ్య కాలం ఎందుకొస్తుంది?

మన దేశంలో అనాథ పిల్లల్నీ, కన్నవాళ్ళు వదులుకున్న పిల్లల్నీ దత్తతకి ఇచ్చే పని అంతా "కారా" అనే కేంద్ర సంస్థ కనుసన్నల్లో జరుగుతుంది. మన వైపు కర్నూల్లో, కడపలో స్త్రీ శిశు సంక్షేమ శాఖ వారి శిశు గృహలు వున్నాయి. దరఖాస్తు కంప్యూటర్లో పెట్టాలి. తర్వాత ఒక సోషల్ వర్కరు మీ ఇంటికొచ్చి చూసి నివేదిక రాస్తారు. మీ వంతు వచ్చినప్పుడు బిడ్డ ఫోటో, వివరాలు పంపుతారు. హిందువులే తీసుకోవాలన్న నియమం ఇందులో లేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద ముస్లిం సోదరీమణులూ, క్రైస్తవ సోదరీమణులూ కూడా దత్తత తీసుకోవచ్చు.

మీరు సరేనన్నాక బిడ్డను ముందు "దత్తతకు ముందు పోషణ" కింద మీ చేతికిస్తారు. ఆఫీసు భాషలో దీన్నే ప్రీ అడాప్షన్ ఫోస్టర్ కేర్ అంటారు. అప్పుడు మీరొక ఒప్పంద పత్రం మీద సంతకం చేస్తారు. ఆ తర్వాతే అసలు దత్తత ఉత్తర్వు. ఇదివరకు ఈ ఉత్తర్వు కోర్టు ఇచ్చేది. 2022 సెప్టెంబరు నుంచి జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. దరఖాస్తు వేసిన 2 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. అయినా ఫైలు నడక ఎలా వుంటుందో మనకు తెలియనిది కాదు కదా!

అంటే బిడ్డ మీ ఇంట్లోనే వుంటుంది, మీ చేతి ముద్దే తింటుంది. కాగితం మీద మాత్రం ఇంకా మీ పేరు రాలేదు. ఇన్సూరెన్సు వాళ్ళు చూసేది కాగితాన్ని. చిక్కు అక్కడే వస్తుంది.

బిడ్డ రాకముందే చదవాల్సిన కాగితం

ఫోటోతో పాటు రెండు నివేదికలు వస్తాయి. ఒకటి బిడ్డ పూర్వాపరాలది, రెండోది వైద్య పరీక్షలది. ఫోటో చూడగానే మనసు కరిగిపోతుంది, సహజం. బిడ్డను మీకోసం ఆపి ఉంచమని చెప్పడానికి మన దేశంలో వున్నవారికి 48 గంటలే గడువు. అందుకని ముందే ఒక పిల్లల డాక్టరుతో మాట్లాడి పెట్టుకోండి. "ఫలానా నెలల్లో మాకు కబురు రావచ్చు, వైద్య నివేదిక తెస్తే చూసి చెబుతారా?" అని అడగండి. ఆ నివేదికను మీకు నచ్చిన డాక్టరుకి చూపించుకునే హక్కు నియమాల్లోనే వుంది. అడగడానికి మొహమాటపడకండి.

డాక్టరు దగ్గర ఇవి అడిగి రాసుకోండి:

పుట్టినప్పటి బరువెంత, ఇప్పటి బరువెంత? నెలకి నెలకి పెరుగుతోందా? ఒక్కసారి తూచిన బరువు కన్నా ఆ పెరుగుదలే ఎక్కువ చెబుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే కంటి పరదా పరీక్ష చేయించారా? చెవులు వినిపిస్తున్నాయా? థైరాయిడ్ చూశారా? గుండెలో చప్పుడేమైనా వుందన్నారా? రక్తం ఎంత వుంది? హెపటైటిస్ బి, హెచ్ఐవి పరీక్షలు ఏ తేదీన చేశారు?

ఈ చివరిదాని దగ్గర చాలామంది భయపడి వెనక్కి తగ్గుతారు. అందుకే కాస్త వివరంగా చెబుతాను. తల్లికి హెచ్ఐవి వుంటే ఆమె రక్తంలోని యాంటీబాడీలు కడుపులో బిడ్డకు వస్తాయి. 18 నెలల దాకా కూడా అవి బిడ్డలో కనిపించవచ్చు. అంతమాత్రాన బిడ్డకు జబ్బు వుందని కాదు. పసిపిల్లల్లో అసలు సంగతి తేల్చడానికి పిసిఆర్ అనే వేరే పరీక్ష వుంది. కాబట్టి "పాజిటివ్" అన్న ఒక్క ముక్క చూసి నిర్ణయం తీసుకోకండి. ఏ పరీక్ష, ఏ వయసులో చేశారని అడగండి.

కొన్ని గడుల్లో "తెలియదు" అని వుంటుంది. కన్నతల్లికి షుగరుందో లేదో, తాతకి గుండెజబ్బుందో లేదో చెప్పేవాళ్ళు లేరు మరి. ఆ "తెలియదు"ని అలాగే ఒప్పుకోవాలి. "ఏ రక్తమో ఏమో" అని ముక్కు విరిచేవాళ్ళు మన చుట్టూ తక్కువేం లేరు. మనం కన్న బిడ్డకు మాత్రం ఏ జబ్బు వస్తుందో ముందే ఎవరు రాసిచ్చారు చెప్పండి?

ఇంటికొచ్చిన మొదటి వారం

బిడ్డ బాగానే వున్నా వారంలోపు మీ డాక్టరుకి చూపించండి. జబ్బు కోసమే చూపించాలని లేదు. ఈ రోజు బరువింత, పొడవింత, తల చుట్టుకొలత ఇంత అని ఒక పుస్తకంలో రాయించుకోవడానికి. రేపు ఏ తేడా వచ్చినా పోల్చుకోవడానికి అదే ఆధారం.

టీకాల కార్డు అడిగి తీసుకోండి. పుట్టగానే బిసిజి, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, పోలియో, రోటా వైరస్ చుక్కలు. 9 నెలలు నిండాక తట్టు, రుబెల్లా టీకా. 16 నుంచి 24 నెలల మధ్య బూస్టర్లు. కార్డులో ఏదైనా ఖాళీ కనిపిస్తే మళ్ళీ మొదటి నుంచీ వేయించాలేమోనని కంగారు పడొద్దు. తప్పిపోయినవి ఎక్కడి నుంచి అందుకోవాలో డాక్టరు చెబుతారు. మీ ఊరి ఏఎన్ఎం దగ్గర ఈ టీకాలన్నీ ఉచితమే.

ఇక తిండి సంగతి. శిశు గృహలో బిడ్డ ఏ డబ్బా పాలు తాగుతోంది, ఎన్ని గంటలకోసారి, ఎన్ని చెంచాల పొడి, ఎంత నీళ్ళు అన్నది ఆయమ్మలను అడిగి రాసుకోండి. వచ్చిన రోజే పాలు మార్చేసి, విరేచనాలైతే "నీళ్ళు పడలేదు" అనుకోవడం మామూలైపోయింది. మార్చాల్సి వస్తే డాక్టరుని అడిగి నెమ్మదిగా మార్చండి. ఏడాది లోపు ఆవుపాలు, గేదెపాలు ముఖ్య ఆహారంగా పెట్టకండి. తేనె నాకించకండి. ఆముదం పోయకండి. 6 నెలలు నిండాక మన రాగిజావ, మెత్తగా మెదిపిన పప్పన్నం కాస్త నెయ్యితో అలవాటు చేయవచ్చు. ఒక్కోటి మొదలుపెట్టి మూడు నాలుగు రోజులు చూసి ఇంకోటి. మన కర్నూలు, కడప ఎండలు తెలిసినవే. మే నెలలో బిడ్డ వస్తుంటే ఓఆర్ఎస్ పొట్లాలు ఇంట్లో పెట్టుకోండి. మూత్రం తగ్గినా, పెదవులు ఎండినా, బిడ్డ మందకొడిగా వున్నా ఇంట్లో వైద్యం వద్దు.

ఇన్సూరెన్సు: ఎవరికి ఏ దారి?

ఒక్కో ఇంటికి ఒక్కో దారి వుంటుంది. మీది ఏదో చూసుకోండి.

*తెల్ల కార్డు, బియ్యం కార్డు వున్న ఇల్లు:* 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. బిడ్డ పేరు మీ కుటుంబం వివరాల్లోకి ఎక్కితేనే అందులోకి వస్తుంది. దత్తత ఉత్తర్వు, కొత్త జనన ధ్రువీకరణ పత్రం, బిడ్డ ఆధార్ తీసుకుని సచివాలయంలో పేరు చేర్పించండి. 5 ఏళ్ళలోపు పిల్లలకు వేలిముద్రలు లేకుండానే నీలం రంగు బాల ఆధార్ ఇస్తారు. జనన ధ్రువీకరణ పత్రంలో దత్తత తీసుకున్నవారి పేర్లే తల్లిదండ్రులుగా వస్తాయి. ఇది చాలామందికి తెలియక కంగారు పడుతుంటారు.

*ఇఎస్ఐ వున్న ఇల్లు:* ఇఎస్ఐ నియమాల్లో "కుటుంబం" అంటే దత్తత బిడ్డ కూడా అని స్పష్టంగా రాసి వుంది. మీ ఆయన పనిచేసే చోట చెప్పి పేరు నమోదు చేయించండి.

*కంపెనీ గ్రూపు ఇన్సూరెన్సు:* మా కర్నూలు సోదరి అడిగింది దీని గురించే. కొత్తగా కుటుంబంలోకి వచ్చినవాళ్ళ పేరు ఇన్ని రోజుల్లో చేర్చాలని కంపెనీ ఒప్పందంలో గడువు వుంటుంది. ఆ గడువు దాటితే మళ్ళీ ఏడాది రెన్యువల్ దాకా ఆగాల్సి రావచ్చు. అందుకే బిడ్డ రాకముందే మీ ఆయన చేత ఆఫీసుకి ఒక ఉత్తరం రాయించండి. అందులో రెండే ప్రశ్నలు: "పోషణ ఒప్పంద పత్రం చూపిస్తే బిడ్డను ఆ రోజు నుంచే చేరుస్తారా? లేక కలెక్టరు ఉత్తర్వు వచ్చాకేనా?" జవాబు నోటిమాటగా వద్దు, కాగితం మీద కావాలి.

*సొంతంగా కట్టుకునే పాలసీ:* 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఆరోగ్య సంజీవని అనే ఒకే రకం పాలసీ అమలులోకి వచ్చింది. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా షరతులు ఒకటే. అందులో 3 నెలల నుంచి 25 ఏళ్ళ వరకు, కన్నపిల్లలూ చట్టబద్ధంగా దత్తత తీసుకున్న పిల్లలూ సమానమే. "చట్టబద్ధంగా" అన్న మాటను గుర్తుపెట్టుకోండి. అలాగే 3 నెలలు నిండని పసికందుకి అందులో చోటు లేదన్నదీ గుర్తుపెట్టుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జిఎస్టి తీసేశారు కాబట్టి ఆ మేరకు భారం తగ్గింది.

మరి ఉత్తర్వు వచ్చేదాకా ఏం చేయాలి? మూడు పనులు. ఒకటి, ఇంట్లో ఎంతో కొంత నగదు ఆస్పత్రి కోసమని విడిగా పెట్టుకోండి, చీటీ పాటకో బంగారానికో దాన్ని ముట్టుకోకండి. రెండు, కర్నూలు సర్వజన ఆస్పత్రి పిల్లల వార్డు గానీ, కడప రిమ్స్ గానీ మీకు ఎంత దూరం, ఏ వేళ ఎవరుంటారు అన్నది ముందే చూసి రండి. అక్కడ వైద్యం ఉచితం. మూడు, పోషణ ఒప్పంద పత్రం, వైద్య నివేదిక జిరాక్సులు ఎప్పుడూ చేతిసంచిలో వుంచుకోండి. ఆపరేషన్ లాంటి పెద్ద వైద్యం అవసరమైతే వెంటనే శిశు గృహకి ఫోన్ చేసి చెప్పండి. ప్రాణం మీదికి వస్తే మాత్రం ముందు 108, తర్వాతే ఫోన్లు.

దాచకండి అమ్మా!

ఏజెంటు దగ్గర కూర్చుని ఫారం నింపుతుంటే, "జబ్బు సంగతి రాయకండి, పాలసీ ఇవ్వరు" అని సలహా చెప్పేవాళ్ళుంటారు. బిడ్డ గుండెలో చిన్న రంధ్రం వుందని వైద్య నివేదికలో స్పష్టంగా రాసి వుంది. అది దాచి పాలసీ తీసుకుంటే, రేపు ఆపరేషన్ బిల్లు పెట్టినప్పుడు ఆ నివేదికే బయటికొస్తుంది. క్లెయిమూ పోతుంది, పాలసీయే పోవచ్చు. నిజం చెప్పి తీసుకుంటే, ముందునుంచీ వున్న జబ్బుకి కొంతకాలం ఆగాలి. ఆ గడువు 2024 ఏప్రిల్ నుంచి 36 నెలలకు మించకూడదు, ఇదివరకు 48 నెలలుండేది. మిగతా జబ్బులకు పాలసీ పనిచేస్తూనే వుంటుంది.

కుటుంబ చరిత్ర అడిగే గడిలో "తెలియదు, దత్తత బిడ్డ" అని రాయండి. మీ నాన్నగారి షుగరు, మీ అత్తగారి బీపీ అక్కడ రాయకండి.

పుట్టుకతో వచ్చే లోపాల్లో ఇన్సూరెన్సు వాళ్ళు రెండు రకాలు చూస్తారు. లోపల వుండేవి, అంటే గుండె రంధ్రం లాంటివి. బయటికి కనిపించేవి, అంటే గ్రహణం మొర్రి, వంకర పాదం లాంటివి. బయటికి కనిపించేవాటిని చాలా పాలసీలు కప్పవు. కొనే ముందు ఈ ఒక్క ముక్క చదివి తీరాలి. అలాగే గిలక, టాన్సిల్స్ లాంటి కొన్నింటికి ఆరోగ్య సంజీవనిలో 24 నెలలు ఆగాలి. పసిపిల్లల్లో గిలక అరుదేం కాదు కాబట్టి ఇది మనకు అవసరమైన సంగతే.

ఇన్సూరెన్సు కాదన్నంత మాత్రాన దారులన్నీ మూసుకుపోయినట్టు కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్ని ఉచితంగా పరీక్షిస్తారు. గ్రహణం మొర్రి, వంకర పాదం, పుట్టు చెవుడు, పుట్టుకతో వచ్చే కంటి శుక్లం, గుండె లోపాలు అన్నీ ఆ జాబితాలో వున్నాయి. అంగన్‌వాడీకి, బడికి వచ్చే వైద్య బృందం ఇదే. తిరుపతిలో టిటిడి వారి శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం 2021 అక్టోబరులో మొదలైంది. కడప నుంచి రైలెక్కితే కొన్ని గంటల ప్రయాణం. ఇంకో మాట. గ్రహణం మొర్రికీ గ్రహణానికీ సంబంధం లేదు, కన్నతల్లి చేసిన తప్పేమీ లేదు. సకాలంలో ఆపరేషన్ చేయిస్తే బిడ్డ చక్కగా పాలు తాగుతుంది, మాట్లాడుతుంది.

క్లెయిమ్ అన్యాయంగా కొట్టేశారనిపిస్తే ఊరుకోకండి. ముందు కంపెనీకి రాతగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కి రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ ఫోన్ నంబరు 155255.

బిడ్డ దేశం దాటుతుంటే

ఇప్పుడు ప్రొద్దుటూరు సోదరి ప్రశ్న. విదేశంలో వున్న భారతీయులకు దత్తత వరసలో ఇక్కడివాళ్ళతో సమానంగానే చోటు ఇస్తారు. అయితే వాళ్ళు దరఖాస్తు అక్కడి గుర్తింపు పొందిన సంస్థ ద్వారా పెట్టాలి, బిడ్డ బయల్దేరే ముందు కారా నిరభ్యంతర పత్రం వుండాలి. దేశం దాటే దత్తతల మీద 1993 నాటి హేగ్ ఒప్పందానికి మన దేశం 2003లో ఆమోదం తెలిపింది. ఆ పత్రం, ఈ పత్రం అని విసుక్కుంటాం గానీ, దాని వెనుక మన రాష్ట్రపు చేదు అనుభవం కూడా వుంది. 1999లో, 2001లో హైదరాబాదులో కొన్ని దత్తత సంస్థల మీద పెద్ద గొడవ నడిచింది. పేద తండాల ఆడపిల్లల్ని డబ్బుకు కొని, తప్పుడు కాగితాలతో విదేశాలకు పంపుతున్నారని కేసులు పెట్టారు. తప్పుడు కాగితంతో వెళ్ళిన బిడ్డకు కన్నతల్లి పేరుతో పాటు తన వైద్య చరిత్ర కూడా దూరమైపోతుంది. పెద్దయ్యాక డాక్టరు "మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుందా?" అంటే జవాబు వుండదు.

అమెరికా వీసాకి ముందు అక్కడి ప్రభుత్వం గుర్తించిన డాక్టరు దగ్గరే పరీక్ష చేయించాలి. 2 ఏళ్ళు దాటిన పిల్లలకు క్షయ కోసం రక్తపరీక్ష కూడా చేస్తారు. ఇన్సూరెన్సు సంగతిలో అక్కడి చట్టం మనకన్నా ఒక అడుగు ముందుంది. ఉద్యోగం ద్వారా వచ్చే ఇన్సూరెన్సులో పిల్లలకు చోటుంటే, దత్తత కోసం బిడ్డ తమ పూచీలోకి వచ్చిన రోజు నుంచే, ఉత్తర్వు పూర్తి కాకపోయినా, కన్నబిడ్డతో సమానంగా చేర్చుకోవాలి. పాత జబ్బు వుందని కాదనకూడదు. కాకపోతే 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. మీ మరిదిగారికి ఈ 30 రోజుల మాట ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. బిడ్డను తీసుకుని కడప, హైదరాబాదు, ఢిల్లీ తిరిగే హడావుడిలో ఆ 30 రోజులు ఇట్టే కరిగిపోతాయి. టీకాల కార్డు, వైద్య నివేదిక, ఇక్కడ చేయించిన పరీక్షల అసలు కాగితాలు చేతి సామానులోనే పెట్టుకోమనండి.

అక్క బిడ్డను తెచ్చుకుంటే?

మన సీమలో అక్క బిడ్డనో, అన్న బిడ్డనో తెచ్చి సాక్కోవడం ఎప్పటినుంచో వుంది. "మన బిడ్డే కదా, కాగితాలెందుకు" అంటారు. ప్రేమకి కాగితం అక్కర్లేదు, ఆస్పత్రికి కావాలి. హిందువులైతే 1956 నాటి దత్తత చట్టం కింద సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దత్తత పత్రం రిజిస్టరు చేయించండి. బిడ్డకు 15 ఏళ్ళు నిండకముందే చేయాలి. అలా తీసుకున్న బిడ్డనైనా కువైట్‌కో అమెరికాకో దత్తత బిడ్డగా తీసుకెళ్ళాలంటే కారా పత్రం కావాల్సిందే.

ఇక నర్సింగ్ హోమ్ నుంచి ఎవరో చెప్పారని నేరుగా బిడ్డను తెచ్చుకోవడం. ఇది పొరపాటు కాదు, నేరం. పద్ధతి తప్పి దత్తత తీసుకుంటే 3 ఏళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అమ్మడం, కొనడం అయితే 5 ఏళ్ళ దాకా కఠిన శిక్ష. శిక్ష మాట అలా వుంచండి. ఆ బిడ్డకు నిజమైన వైద్య నివేదిక వుండదు, ఉత్తర్వు వుండదు, ఏ పాలసీలోనూ న్యాయంగా పేరు ఎక్కదు. జబ్బు చేసిన ప్రతిసారీ భయపడుతూ ఆస్పత్రి మార్చుకుంటూ తిరగాలి. బిడ్డను అలా పెంచాలని ఏ తల్లి కోరుకుంటుంది? ఎవరైనా బిడ్డను అమ్ముతున్నారని తెలిస్తే 1098కి ఫోన్ చేయండి.

కత్తిరించి బీరువా తలుపుకి అంటించుకోండి

1. కబురు రాకముందే: పిల్లల డాక్టరుతో మాట్లాడటం. ఇన్సూరెన్సు వాళ్ళకి ఉత్తరం రాసి జవాబు తెప్పించుకోవడం.

2. బిడ్డ వచ్చే రోజు: టీకాల కార్డు, వైద్య నివేదిక అసలు ప్రతి, పోషణ ఒప్పంద పత్రం, పాలడబ్బా పేరు, కొలత.

3. మొదటి వారం: డాక్టరుకి చూపించి బరువు, పొడవు రాయించడం. తప్పిన టీకాలు ఏవో తెలుసుకోవడం.

4. ఉత్తర్వు వచ్చిన వెంటనే: జనన ధ్రువీకరణ పత్రం, బాల ఆధార్, సచివాలయంలో పేరు చేర్పు, పాలసీలో పేరు చేర్పు. పేరులోని అక్షరాలు, పుట్టిన తేదీ అన్నింట్లో ఒకేలా వున్నాయో లేదో చూసుకోవాలి. ఒక్క అక్షరం తేడాతో క్లెయిమ్ ఆగుతుంది.

5. ప్రతి 6 నెలలకు: దత్తత తర్వాత 2 ఏళ్ళ పాటు సోషల్ వర్కరు వచ్చి చూస్తారు. తప్పులు పట్టడానికి వచ్చారనుకోకండి. బిడ్డ ఆలస్యంగా కూర్చుంటోందా, మాట రావడం లేదా, రాత్రిళ్ళు ఉలిక్కిపడుతోందా, అన్నీ వాళ్ళతో చెప్పుకోండి. ఏ ఆస్పత్రికి వెళ్ళాలో చెబుతారు.

6. అన్ని కాగితాలూ ఒకే ఫైల్లో, రెండు జతల జిరాక్సులు వేరుగా. ఫైలు ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా తెలియాలి.

కన్నతల్లి 9 నెలలు మోస్తుంది. దత్తత తల్లి అంతకన్నా ఎక్కువ కాలమే ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూపులో కొన్ని మధ్యాహ్నాలు ఈ కాగితాల పనికి కేటాయించండి చాలు. బిడ్డ వచ్చాక మీకు ఉగ్గుగిన్నెతో తప్ప ఫైళ్ళతో పని వుండకూడదు. మీ ఇంట ఉయ్యాల ఊగే రోజు మాకూ ఒక కార్డు ముక్క రాయడం మరిచిపోకండి.